పాత షవర్: స్పిండిల్ మార్చి సరిపెట్టాలా, బాత్రూమ్ మొత్తం పగలగొట్టాలా?

కూకట్‌పల్లి_302:
మాది 2003లో కట్టిన అపార్ట్‌మెంట్. కామన్ బాత్రూమ్‌లో పాతకాలం వాల్ మిక్సర్ (వేడి, చల్ల నీళ్లు కలిపిచ్చే గోడ ట్యాప్) ఉంది. దాని నెత్తిన ఒక వంపు పైపు గోడలోకి వెళ్లి, లోపల్నుంచే పైకెక్కి షవర్‌కు కలుస్తుంది. ఇప్పుడు దానికి మూడు రోగాలు పట్టుకున్నాయి. ట్యాప్ ఎంత బిగించినా షవర్‌లోంచి చుక్కలు ఆగవు. వేడినీళ్ల ధార బాగా సన్నబడింది. కింద 202 వాళ్ల బాత్రూమ్ సీలింగ్‌కు చెమ్మ దిగి, పెయింట్ పెచ్చులుగా ఊడుతోంది.

ప్లంబర్‌ని పిలిస్తే, స్పానర్ కూడా బయటికి తీయకుండా "పైపులన్నీ పోయుంటాయి సార్, మొత్తం పగలగొట్టి కొత్తది చేయించేసుకోండి" అన్నాడు. టైల్స్, ఫిట్టింగ్స్, కూలీ కలిపి లక్షా నలభై వేలట. మా ఆవిడ కొత్తదే చేయిద్దామంటోంది. నాన్నగారికి 74 ఏళ్లు, ఆయనేమో "కారే ట్యాప్‌కు ఇల్లు పగలగొడతారా" అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

సిమెంట్‌బాబు:
సార్, నేను ఈ పనిలోనే ఉన్నాను. 2003 అంటే మీ గోడల్లో ఉన్నవి జీఐ, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపులే అయ్యుంటాయి. ఇరవై ఏళ్లు దాటిన జీఐ పైపును కోసి చూస్తే లోపల తుప్పు గడ్డలు కట్టి, వేలు పట్టే దారి పెన్సిల్ పట్టేంత అయిపోతుంది. పొద్దున్నే మొదటి మగ్గు నీళ్లు ఎర్రగా వస్తున్నాయా? వస్తుంటే ఇంకేం ఆలోచించకండి. ఈరోజు ఒక జాయింటు అతికిస్తే ఆర్నెల్లకు పక్క జాయింటు. ప్రతిసారీ రెండు టైల్స్ పగులుతాయి. మీ పాత ఎనిమిది బై పన్నెండు టైల్స్ ఇప్పుడు షాపులో దొరకవు. చివరికి బాత్రూమ్ అతుకుల బొంతలా తయారవుతుంది. ఒక్కసారే సీపీవీసీ (వేడినీళ్లు తట్టుకునే ప్లాస్టిక్) పైపులు వేయించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించుకుని హాయిగా ఉండండి.

వసంత_గుంటూరు:
కాంట్రాక్టర్ గారిని అడిగితే పగలగొట్టమనే చెప్తారు లెండి. మా గుంటూరు ఇంట్లో మిక్సర్ మీ ఫ్లాట్ కంటే పాతది, బోరు నీళ్లు, ఇప్పటికీ బ్రహ్మాండంగా నడుస్తోంది. చుక్కలు కారడం అంటే స్పిండిల్ (పిడి తిప్పితే నీళ్లు ఆపే లోపలి కడ్డీ) వాషర్ అరిగిందని. కొన్ని వందల్లో పోయే పని. షవర్ రంధ్రాలు మూసుకుపోతే నిమ్మ ఉప్పు వేడినీళ్లలో కలిపి, పాలిథిన్ కవర్‌లో పోసి, షవర్ మునిగేలా రబ్బర్ బ్యాండ్ వేసి కట్టండి. గంట చాలు. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే తెల్లటి ఉప్పంతా పొడి రాలినట్టు రాలిపోతుంది. టాయిలెట్ కడిగే యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, పైన క్రోమ్ లేచిపోతుంది.

సిమెంట్‌బాబు:
మేడమ్, షవర్‌కు నిమ్మ ఉప్పు పెడతారు సరే. 202 వాళ్ల సీలింగ్‌కు ఏం పెడతారు?

లెక్కలమాస్టారు:
ఇద్దరూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్తున్నట్టున్నారు గానీ 302 గారు అడిగినవి మూడు. విడివిడిగా చూద్దాం.

చుక్కలు. ముందుగా, షవర్ కట్టేశాక ఐదు నిమిషాలు కారి ఆగిపోతే అది రోగమే కాదు, షవర్ తలలో మిగిలిన నీళ్లు దిగుతున్నట్టు. ఆగకుండా కారుతుంటే స్పిండిల్. వేడి వైపుదా చల్ల వైపుదా తేల్చడానికి చెయ్యి పెట్టి చూస్తే లాభం లేదు, పైపులోనే నీళ్లు చల్లారిపోతాయి. గీజర్ నుంచి వేడినీళ్లు బయటికొచ్చే చోటున్న యాంగిల్ కాక్, అంటే గోడ దగ్గరి చిన్న వాల్వ్, కట్టేయండి. చుక్కలు ఆగిపోతే వేడి వైపు స్పిండిల్, ఆగకపోతే చల్ల వైపుది. ఒక్క హెచ్చరిక: స్పిండిల్ వచ్చి కూర్చునే ఇత్తడి సీటు కోసుకుపోయి ఉంటే కొత్త స్పిండిల్ వేసినా కారుతుంది. కారుతోంది కదా అని బలంగా తిప్పీ తిప్పీ చాలా ఇళ్లలో ఆ సీటు పాడవుతుంది.

ధార. వేడినీళ్ల వైపే సన్నబడిందంటే సున్నపు ఉప్పు మీద అనుమానం. కఠిన జలం వేడెక్కితే కాల్షియం కార్బొనేట్ పేరుకుంటుంది. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉండొచ్చు, వేరే నీళ్లు లేనప్పుడు 600 దాకా సర్దుకోవచ్చు. మన బోర్లలో ఆ పై హద్దు కూడా దాటేవి ఉన్నాయి. ఉప్పు గీజర్‌లో కట్టిందో, యాంగిల్ కాక్‌లో కట్టిందో, పైపులో కట్టిందో చూడకుండా పైపు మీదే నేరం మోపడం తొందరపాటు.

అసలు తేల్చాల్సింది చెమ్మ సంగతి. మీ మిక్సర్ నుంచి షవర్‌కు గోడలో ఎక్కే పైపు ఉంది చూశారా, మామూలుగా అందులోకి నీళ్లు రావు. డైవర్టర్‌ను, అంటే నీళ్లను షవర్‌కో కింది ట్యాప్‌కో మళ్లించే పిడిని, షవర్ వైపు తిప్పి నీళ్లు వదిలినప్పుడే వస్తాయి. మీకేమో ట్యాప్ కట్టినా చుక్కలు షవర్‌లోంచే పడుతున్నాయి. అంటే డైవర్టర్ షవర్ వైపే ఉండిపోయి, ఆ పైపు రాత్రీ పగలూ నీళ్లతో నిండి ఉంటోంది. దాని జాయింటులో సన్నటి కారుడు ఉంటే చెమ్మకు సరఫరా ఆగనే ఆగదు. చుక్కలు, చెమ్మ ఒకే కథ కావచ్చు.

కాబట్టి ఒక పని చేయండి. డైవర్టర్‌ను కింది ట్యాప్ వైపు తిప్పి, కొన్నాళ్లు అందరూ అక్కడే బకెట్‌తో స్నానం చేయండి. షవర్ ముట్టుకోవద్దు. 202 వాళ్లను అడిగి చెమ్మ అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేయండి. స్లాబ్ ఒక్క రోజులో ఆరదు, ఓపిక పట్టాలి. చెమ్మ వెనక్కి తగ్గితే షవర్ పైపు. తగ్గకపోతే నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికిపోయే తూము) మూతికి గుడ్డ కుక్కి, నేల మీద అంగుళం ఎత్తు నీళ్లు నిలబెట్టి ఒక రోజు ఉంచండి. గీత దాటి చెమ్మ పెరిగితే లోపం నేలలోనో ట్రాప్ దగ్గరో ఉంది, అప్పుడు సిమెంట్‌బాబు గారి మాటే వినాలి. నేలకు పై పై పూతలు పూసి ఏళ్లు నెట్టుకురాలేం.

బీచ్‌రోడ్డు:
మార్చేవాళ్లకు ఒక మాట. షోరూంలో చూసి పళ్లెమంత రెయిన్ షవర్ కొనకండి. మా పై ఫ్లోర్ వాళ్లు కొన్నారు. ట్యాంకు వాళ్ల నెత్తిమీదే, మధ్యలో మూడు మీటర్ల ఎత్తు కూడా లేదు. పది మీటర్ల నీటి ఎత్తు ఉంటేనే ఒక బార్ ప్రెషర్ వస్తుంది, వాళ్లకు అందులో మూడో వంతు కూడా రాదు. వానేమీ పడలేదు, చూరు నీళ్లు కారినట్టు కారుతోంది. ఇప్పుడు ప్రెషర్ పంపు పెట్టించాలా అని తిరుగుతున్నారు. ట్యాంకు మీ ఇంటికి ఎంత ఎత్తులో ఉందో చూసుకుని షవర్ కొనండి.

డాలస్_గోదారోడు:
ఇక్కడ అమెరికాలో గోడలు డొల్ల కాబట్టి వెనక గదిలోంచి జిప్సం బోర్డు కోసి వాల్వ్ మార్చేస్తారు, టైల్స్ జోలికి పోరు. మీ బాత్రూమ్ గోడకు అవతల బెడ్రూమ్ ఉంటే ఇటుక గోడైనా అటునుంచే చెక్కించొచ్చు. ప్లాస్టరింగ్, పెయింట్‌తో పోతుంది, టైల్స్ వెతుక్కునే పని ఉండదు. ఇంకోటి, ఇక్కడ కొత్తగా పెట్టే షవర్ వాల్వ్‌లకు వేడి హఠాత్తుగా పెరగకుండా ఆపే ఏర్పాటు ఉండాలని రూల్. ఎవరో ఫ్లష్ నొక్కితే చల్లనీళ్లు తగ్గి ఒళ్లు కాలకూడదని. పెద్దాయన ఇంట్లో ఉన్నారు, కొత్త మిక్సర్ అనుకుంటే నీళ్ల వేడిని ఒకే స్థాయిలో ఉంచే థర్మోస్టాటిక్‌ది చూడండి.

వసంత_గుంటూరు:
డాలస్ గారూ, థర్మోస్టాటిక్ మిక్సర్‌కు రెండు వైపులా మంచి ప్రెషర్ కావాలి. మన ట్యాంకు నీళ్లకు అది మొరాయించొచ్చు. గీజర్ టెంపరేచర్ తగ్గించి పెట్టుకుంటే పైసా ఖర్చు లేదు.

అమ్మమ్మగారిల్లు:
అందరూ పైపుల గురించే కొట్టుకుంటున్నారు. 74 ఏళ్ల మనిషికి కావాల్సింది తలపైన షవర్ కాదండీ. కూర్చోవడానికి జారని స్టూలు, చేతికందే హ్యాండ్ షవర్, గోడకు గట్టిగా బిగించిన పట్టుకునే రాడ్. ఆ రాడ్‌ను టైల్ వెనక గట్టి గోడలోకి పోయేలా పొడుగు యాంకర్ బోల్టులతో పెట్టించాలి, టవల్ రాడ్‌లా చిన్న స్క్రూలతో కాదు. మా ఇంట్లో మామయ్యగారు తూలి టవల్ రాడ్ పట్టుకుంటే అది ఊడి చేతికొచ్చింది. అదృష్టం బాగుండి వెనక గోడ ఉంది. మీ పాత టైల్స్ నున్నగా ఉంటే నేల వరకైనా మార్చండి. లక్షా నలభై వేలు ఖర్చు పెట్టే ఉద్దేశం ఉంటే దీనికి పెట్టండి, షవర్‌కు కాదు.

సిమెంట్‌బాబు:
అమ్మా, నేల టైల్స్ మార్చాలంటే కింద వాటర్‌ప్రూఫింగ్ కదులుతుంది. అది కదిలాక ట్రాప్ మార్చకుండా వదిలేస్తారా? ట్రాప్ మార్చాక పాత పైపు వదిలేస్తారా? మీరు చెప్పిందే మొదలుపెడితే ఆగేది నేను చెప్పిన దగ్గరే.

అమ్మమ్మగారిల్లు:
అయితే మ్యాట్ వేస్తాం.

కూకట్‌పల్లి_302:
ఆలస్యంగా రాస్తున్నాను. మాస్టారు చెప్పినట్టే చేశాం. డైవర్టర్ కిందికి తిప్పి బకెట్ స్నానాలకు దిగాక షవర్‌లో చుక్కలు పోయి, అవే చుక్కలు కింది ట్యాప్‌లోంచి పడ్డాయి. 202 వాళ్ల సీలింగ్‌లో చెమ్మ పెన్సిల్ గీతకు లోపలికి జరుగుతూ వచ్చింది. ఆ తర్వాత కావాలనే రెండు పూటలా షవర్ వాడాం, మళ్లీ గీత దాటింది. నేలలో నీళ్లు నిలబెట్టి చూసినా తేడా లేదు. పొద్దున్నే ఎర్రనీళ్లు కూడా లేవు.

సిమెంట్‌బాబు:
చూశారా, పైపు పోయిందనే కదా నేను చెప్పింది! షవర్ పైపు తుప్పు పడితే అదే రోజు, అదే షాపులో కొన్న మిగతా పైపులు మాత్రం బాగుంటాయా?

లెక్కలమాస్టారు:
బాగుండొచ్చు, దానికి కారణం ఉంది. మిగతా పైపులు ఎప్పుడూ నిండుగా ఉంటాయి, గాలి తక్కువ. షవర్ పైపు ఇన్నేళ్లూ తడుస్తూ ఆరుతూ, గాలీ నీరూ మారిమారి తగులుతూ ఉంది. తుప్పుకు అంతకంటే అనువైన చోటు లేదు. అది ముందు పోవడం సహజం. పైగా మిగతావి ట్యాంకు ప్రెషర్‌ను రోజంతా మోస్తున్నాయి. వాటిలో కారుడు ఉంటే బకెట్ స్నానాలప్పుడు చెమ్మ తగ్గేది కాదు.

ఇప్పుడు గోడ ముట్టుకోనక్కర్లేని దారి ఒకటుంది. బయటికి కనిపించే వాల్ మిక్సర్లలో వేడి, చల్ల కనెక్షన్ల మధ్య దూరం మామూలుగా ఆరంగుళాలు. కొంచెం అటూ ఇటూ ఉన్నా వంకర కనెక్టర్లు సర్దేస్తాయి. పాతది విప్పేసి, షవర్ పైపు గోడ మీదుగానే పైకి పోయే రకం మిక్సర్ బిగించుకోండి. దానికే హ్యాండ్ షవర్ వేలాడే రకమూ ఉంది, నాన్నగారికి పనికొస్తుంది. గోడలో చెడిన పైపుకు రెండు చివర్లా ప్లగ్గులు కొట్టి వదిలేయండి. ఇందులో రిపేరెంత, మార్పెంత అని అడగకండి, రెండూ ఉన్నాయి.

సిమెంట్‌బాబు:
మరి వేడినీళ్ల ధార సన్నబడిన సంగతి? కొత్త మిక్సర్‌కు డబ్బు పెట్టి, తీరా చూస్తే పైపే పూడుకుపోయి ఉంటే?

లెక్కలమాస్టారు:
మంచి ప్రశ్న. అందుకే కొత్తది కొనకముందే పాతది విప్పించాలి. గీజర్ స్విచ్ ఆపేసి, నీళ్లు చల్లారాక, గోడలోంచి వచ్చే వేడి కొసకు ఉత్త పైపు ముక్క బిగించి నీళ్లు వదిలి చూడండి. పది లీటర్ల బకెట్ పట్టి, చల్ల వైపు ఎంతసేపట్లో నిండిందో దానితో పోల్చండి. దాదాపు సమానంగా వస్తే ఉప్పు మిక్సర్‌లోనే ఉంది, ధైర్యంగా కొత్తది బిగించండి. వేడి వైపు అక్కడా సన్నగానే వస్తే గీజర్ దగ్గర కనెక్షన్ విప్పి మళ్లీ చూడండి. అక్కడ ధార బాగుండి ఇక్కడ లేకపోతే పైపు పూడింది. అప్పుడు కూడా గోడ పగలగొట్టక్కర్లేదు, ఆ ఒక్క వేడినీళ్ల లైనును సీపీవీసీతో గోడ మీదుగా తేవచ్చు. కనిపిస్తుంది, అందంగా ఉండదు, అంతే.

సిమెంట్‌బాబు:
అదే మాస్టారూ, మీరు అందంగా ఉండదు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇంట్లో ఆడవాళ్లు ఆ పైపును రోజూ చూడాలి. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాడు చూస్తాడు. నేను 302 గారి స్థానంలో ఉంటే ఇప్పుడు మిక్సర్ మార్చుకుంటాను, ఒప్పుకుంటాను. కానీ ఇల్లు పెయింటింగ్‌కు వచ్చినప్పుడు బాత్రూమ్ మొత్తం చేయించే లెక్క ఇప్పటినుంచే పక్కన పెట్టుకుంటాను.

కూకట్‌పల్లి_302:
మిక్సర్ ఆదివారం విప్పిస్తున్నాం. మా ఆవిడ గోడ మీద పైపుకు ఒప్పుకుంది గానీ, పట్టుకునే రాడ్ కూడా అదే రోజు బిగించాలని షరతు పెట్టింది. 202 వాళ్ల సీలింగ్ పెయింట్ ఖర్చు నేనే పెట్టుకుంటానని చెప్పాను. వాళ్లు ఈ వారమే వేయించేద్దాం అంటున్నారు. వేయించనా?

వసంత_గుంటూరు:
ఇప్పుడే వద్దు. స్లాబ్ పూర్తిగా ఆరకుండా పుట్టీ పెడితే మళ్లీ ఉబ్బి ఊడుతుంది, అప్పుడు కారుడు ఆగలేదేమోనని మీకూ వాళ్లకూ లేనిపోని టెన్షన్. ఊడిన పెచ్చులు గీకించి అలాగే గాలికి వదిలేయమనండి. కొత్త షవర్ వాడకం మొదలయ్యాక కూడా ఆ పెన్సిల్ గీత దగ్గర తడి రాకపోతే, ఎండలు ముదిరాక వేయించండి.