కర్ణుడి భార్య ఏ పర్వంలో ఉందో చూపించమంటోంది మా అమ్మాయి

ప్రశ్న: అంబాజీపేట, కొబ్బరి వ్యాపారి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. కవితా కాణే 2013లో కర్ణుడి భార్య గురించి ఇంగ్లీషులో రాసిన నవల చదివి, అందులోని ఉరువి అనే రాకుమారి భారతంలో ఎక్కడ వస్తుందో చూపించమని పట్టుబట్టింది. మా నాన్నగారు కొన్న వ్యాసభారతం తెలుగు అనువాదం ఇంట్లో ఉంది. ఆ రాకుమారి రచయిత్రి కల్పన అని చెబితే, "మీరు సరిగా వెతకలేదు నాన్నా" అంటోంది. కొట్టు దగ్గర ఈ మాట ఎత్తితే ఇద్దరు పెద్దమనుషులు వాదన పెట్టుకుని, కాయల లెక్క మధ్యలో వదిలేశారు. ఇలా లేని మనుషులను ఇతిహాసంలోకి తీసుకురావడం ఎప్పటినుంచి ఉంది? దానికి హద్దంటూ ఏమైనా ఉందా?

జవాబు: పాలకొల్లు, రిటైరైన తెలుగు మాస్టారు

ఇది ఈనాటి సంగతి కాదు. మీకు దగ్గరలో ఉన్న అంతర్వేదినే చూడండి. తీర్థానికి వెళ్లినవాళ్లందరికీ రక్తవిలోచనుడి కథ తెలుసు. వాడు హిరణ్యాక్షుడి కొడుకు. వాడి నెత్తురు ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుట్టాలని వరం. వసిష్ఠుడి మొర విని నరసింహస్వామి వచ్చి వాడిని సంహరించాడు. ఇప్పుడు భాగవతం సప్తమ స్కంధం తీయండి. హిరణ్యాక్షుడి కొడుకుల పేర్లు వరసగా ఉంటాయి: శకుని, శంబరుడు, వృకుడు, కాలనాభుడు... ఆ వరసలో మన రక్తవిలోచనుడు లేడు. అది పురాణం కదా, ఇతిహాసం కాదు కదా అంటారేమో. సరే, భారతానికే వద్దాం.

శశిరేఖ ఎక్కడిది? వ్యాసుడు అభిమన్యుడికి ఉత్తరనిచ్చి పెళ్లి చేశాడు. బలరాముడి కూతురితో పెళ్లి జనం కట్టుకున్న కథ. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో పాండవులు ఒక్కసారైనా కనిపించరు, చినమయ్య, లంబు, జంబు మాత్రం కడుపుబ్బ నవ్విస్తారు. ఎవరికైనా కోపం వచ్చిందా?

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవాడు గయుడు. మన గోదావరి గడ్డ మీద పుట్టిన చిలకమర్తి వారి 'గయోపాఖ్యానం' ఒకప్పుడు ఆడని ఊరు లేదు. ఆకాశంలో వెళుతున్న గంధర్వుడు ఉమ్మితే, అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడింది. చంపుతానని కృష్ణుడు ప్రతిజ్ఞ పట్టాడు. శత్రువెవరో చెప్పకుండానే గయుడు అర్జునుడి కాళ్లు పట్టుకుని అభయం సంపాదించాడు. ఆ తరువాత పేరు చెప్పాడు! ఇక చూడండి అర్జునుడి అవస్థ. ఇచ్చిన మాట ఒకవైపు, బావ ఒకవైపు. వ్యాసుడి పద్ధెనిమిది పర్వాల్లో వీళ్లిద్దరూ ఎదురెదురుగా విల్లు పట్టింది లేదు. పడితే ఏమవుతుందో చూడాలన్న కోరిక మాత్రం విన్న ప్రతివాడికీ ఉంటుంది. దాన్ని తీర్చడానికి ఒక్క ఉమ్ము సరిపోయింది. పని ముగిశాక గయుడు పక్కకు తప్పుకుంటాడు, కథ మళ్లీ ఆ బావామరదులదే.

మీరడిగిన హద్దు నా లెక్కలో అదే. కొత్తగా వచ్చిన మనిషి పాతవాళ్లను ఇరుకున పెట్టి, వాళ్లలో మనం చూడనిదాన్ని బయటకు లాగాలి. ఇప్పుడు వస్తున్నవాళ్లలో చాలామంది అందుకు రారు. అందరికన్నా తెలివిగా మాట్లాడి, ధర్మరాజుకు, రాముడికి మార్కులు వేసి వెళతారు. అలాంటివాళ్లు కనిపిస్తే నేను పుస్తకం మూసేస్తాను. నేనే నలభై ఏళ్లు మార్కులు వేశాను, ఇంకొకరు వేస్తుంటే చూడలేను.

ఉరువికి చోటు లేదని మాత్రం అనను. స్త్రీపర్వంలో గాంధారి కృష్ణుడికి యుద్ధభూమి చూపిస్తూ, కర్ణుడి శవం దగ్గర పడి ఏడుస్తున్న అతడి భార్యను, వృషసేనుడి తల్లిని చూపిస్తుంది. అక్కడ ఆమె పేరు చెప్పలేదు. నవల రాసేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? మీ అమ్మాయికి ఆ పుట తీసి ఇవ్వండి.

జవాబు: భీమవరం

మాస్టారు గారితో సగమే ఏకీభవిస్తాను. శశిరేఖను చూసిన వాళ్లకు అసలు భారతం తెలుసు, కాబట్టి ఏది కల్పనో తెలిసేది. ఇప్పటి పిల్లలకు మొదటి పరిచయమే ఇలాంటి నవలలతోనో, అశ్వత్థామ పక్కన భైరవను నిలబెట్టిన 2024 నాటి 'కల్కి'తోనో జరుగుతోంది. ఏది పాతదో, ఏది కొత్తదో వాళ్లెలా విడదీస్తారు?

జవాబు: పాలకొల్లు మాస్టారు

మీ వీధిలో ఎవరినైనా అడగండి, శశిరేఖ వ్యాసుడి భారతంలో ఉందా అని. ఉందనే చెబుతారు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

జవాబు: కాకినాడ

మా ఊరి పక్క మాధవపట్నం తోలుబొమ్మలాటను ఎవరూ తలవలేదేం? తెర మీద రావణుడు ఉగ్రంగా ఊగుతుంటాడు, వెనక కాళ్ల కింద చెక్కలు దడదడలాడుతుంటాయి. అంతలో బంగారక్క, జుట్టుపోలిగాడు దూరి ఊళ్లోని తగవులు పెట్టుకుంటారు. కేతిగాడు వచ్చి దాన్ని ఇంకా పెద్దది చేస్తాడు. వాళ్లు రామాయణంలోని వాళ్లని పసిపిల్లలు కూడా అనుకోరు. బొమ్మ వేషమే చెప్పేస్తుంది. భీమవరం వారి బాధకు నా మందు ఇదే: కల్పన అని ముందుమాటలో ఒక్క వాక్యం రాస్తే చాలు.

ఇంకొకటి. ఊర్మిళను ఈ జాబితాలో కలపకండి. ఆమె వాల్మీకిలోనే ఉంది. పద్నాలుగేళ్ల నిద్ర, లేచాక లక్ష్మణుడిని పరపురుషుడనుకుని మందలించడం మన ఆడవాళ్ల పాట ఇచ్చినవి. ఉన్న మనిషికి మాట ఇవ్వడం వేరు, లేని మనిషిని పుట్టించడం వేరు.

జవాబు: అంబాజీపేట, కొబ్బరి వ్యాపారి

అందరికీ ధన్యవాదాలు. స్త్రీపర్వం తీశాం. మా అమ్మాయి రెండుసార్లు చదివింది, నామీద అనుమానం తీరింది. కానీ అక్కడ సుషేణుడి తల్లి అని కూడా ఉందట. వృషసేనుడి తల్లి, సుషేణుడి తల్లి ఒకరేనా, ఇద్దరా అని పొద్దున్నుంచి ప్రాణం తీస్తోంది. మాస్టారూ, దీనికీ మీరే దిక్కు.