రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు వెనకవైపు ఇంట్లోనే కాస్త దించుకోవచ్చా?

అన్నలూ, అక్కలూ, నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. నాన్న వాడిన హిమాలయన్ 411 ఇప్పుడు నాకొచ్చింది. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు, నాకు మునివేళ్లు మాత్రమే ఆనతాయి. పోయిన వారం సిగ్నల్ దగ్గర ఎడమ కాలు పెట్టిన చోట రోడ్డు పల్లంగా ఉండి బండి ఒరిగిపోయింది. వెనకున్న ఆటో ఆయన దిగొచ్చి లేపాడు. అప్పటి నుంచి రెడ్ లైట్ కనిపిస్తే చాలు, టెన్షన్.

ప్రీలోడ్ (వెనక షాక్ స్ప్రింగును ముందే నొక్కి ఉంచే బిగువు) పూర్తిగా తగ్గించి చూశాను. కొంచెం దిగింది కానీ గుంతల్లో వెనక గట్టిగా కొడుతోంది. సీటు ఫోమ్ కోయించమన్నారు, దూరం వెళ్లినప్పుడు నడుం పోతుందని వద్దనుకున్నాను. చివరికి 25 మిల్లీమీటర్లు దించే లోయరింగ్ లింకులు (వెనక సస్పెన్షన్‌లో కంపెనీ లింకుల బదులు వేసేవి) కొన్నాను.

మెయిన్ స్టాండ్ వేసి, వెనక చక్రం కింద చెక్క దూర్చి మొదలుపెట్టాను. పాత లింకు నట్టు వచ్చేసింది, బోల్టు మాత్రం సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. బరువు ఇంకా దాని మీదే ఉందా? చక్రాన్ని ఎవరైనా కాస్త ఎత్తి పట్టుకోవాలా? సుత్తి వాడితే లోపలి బేరింగులు దెబ్బతింటాయేమోనని ఆగిపోయాను.

ఇంకోటి, వెనక దించాక ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలను కూడా వాటి క్లాంపుల్లో పైకి జరపాలా, ఎంత? సైడ్ స్టాండ్ మీద బండి మరీ నిటారుగా నిలబడితే స్టాండ్ కోయించారా? చైన్ వదులు మళ్లీ సరిచూడాలా? స్వయంగా చేసినవాళ్లు చెప్పండి, బండి ఇంకా విప్పే ఉంది.