నోట్‌టేకర్ కంప్యూటర్‌లో డిస్కుగా కనిపించాలా, ఎంటీపీ పరికరంగా కనిపించాలా?

రాతపలక:
బ్రెయిలీ నోట్‌టేకర్‌ను (చూపులేనివారు బ్రెయిలీలో రాసుకుని చదువుకునే చిన్న పరికరం) యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే, పాత పరికరాలు కొన్నింటిలోని ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోవాటిలాగే ఒక డ్రైవ్ అక్షరం కింద కనిపించేవి. ఆండ్రాయిడ్‌పై నడిచే ఇప్పటి నోట్‌టేకర్లు మాత్రం ఫోన్లలాగే ఎంటీపీ (మీడియా ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్) పద్ధతిలో, అంటే డ్రైవ్ అక్షరం లేకుండా, ఫైళ్లను కంప్యూటర్ పరికరాన్నే అడిగి తెచ్చుకునే తీరులో కనిపిస్తున్నాయి. ఈ మార్పు వల్ల మనకు మేలు కంటే కీడే ఎక్కువ జరిగిందని నా వాదన.

డ్రైవ్ అక్షరం లేకపోవడం చూపున్నవారికి చిన్న విషయంగా తోచవచ్చు. కానీ రోబోకాపీ వంటి విండోస్ కాపీ ఆదేశాలకు, ఫోల్డర్లను తమంతట తామే బ్యాకప్ తీసే ప్రోగ్రాములకు ఎంటీపీ పరికరం కనిపించదు. ఒక్క ఆదేశంతో ముగిసే పనికి ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఒక్కొక్క ఫోల్డరూ తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వింటూ వెళ్లాలి. పరికరంలో ఉన్న పత్రాన్ని అక్కడికక్కడే తెరిచి దిద్ది భద్రపరచడమూ కుదరదు. ముందు కంప్యూటర్‌లోకి తెచ్చుకుని, దిద్ది, మళ్లీ పంపాలి. దాంతో ఒకే పాఠానికి రెండు ప్రతులు మిగిలి, ఏది కొత్తదో తేల్చుకోవడం ఇంకో పని అవుతుంది. వీటన్నిటికంటే విసుగు పుట్టించేది, అప్పుడే రాసి భద్రపరచిన ఫైల్ కంప్యూటర్ వైపు కనిపించకపోవడం. పాత ఆండ్రాయిడ్ సంచికలు ఎంటీపీకి చూపించేది తమ మీడియా జాబితాలో నమోదైన ఫైళ్లనే కనుక, అవి ఉన్న పరికరాల్లో ఆ జాబితా తాజా కానంతవరకు మనం రాసినది కంప్యూటర్ లెక్కలో లేనట్టే.

ఆరుచుక్కలు:
రాతపలక గారూ, మీరు చెప్పిన ఇబ్బందులన్నీ నిజమే. అయితే డిస్కు పద్ధతికి మనం చెల్లించే మూల్యాన్ని మీరు లెక్కలోకి తీసుకోలేదు. డిస్కుగా కనిపించడమంటే పరికరం తన నిల్వ మొత్తాన్ని కంప్యూటర్‌కు అప్పగించడం. ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే ఒకే ఫైల్ పట్టికలో రెండు యంత్రాలు ఒకేసారి రాస్తే అది చెడిపోతుంది కాబట్టి, కేబుల్ ఉన్నంతసేపు ఆ నిల్వను నోట్‌టేకర్ వదులుకోక తప్పదు. అంటే కంప్యూటర్ పక్కన కూర్చుని, ఫైళ్లు వెళ్తుండగా అదే నిల్వలో నోట్సు రాసుకోవడం కుదరదు. ఎంటీపీలో కంప్యూటర్ అడుగుతుంది, రాసేది మాత్రం పరికరమే. మధ్యలో కేబుల్ ఊడితే ఒక్క ఫైల్ అసంపూర్తిగా మిగలవచ్చునేమో కానీ, పట్టిక మొత్తం దెబ్బతినదు.

వెనక్కి చూస్తే ఇది కీడు అనిపించదు. 1987లో వచ్చిన బ్రెయిల్ ఎన్ స్పీక్ నోట్‌టేకర్‌కు సీరియల్ పోర్టే దిక్కు. రెండు వైపులా వేగం, ప్యారిటీ (తప్పులు పట్టే అమరిక) సరిపోలకపోతే వచ్చేది అర్థం లేని అక్షరాల గుంపే. చిన్న పరికరాల కోసం చేసిన విండోస్ సీఈ మీద నడిచిన నోట్‌టేకర్లకు కంప్యూటర్‌లో యాక్టివ్‌సింక్ అనే ప్రోగ్రాము కావాల్సి వచ్చేది. విండోస్ విస్టా వచ్చాక దాని స్థానంలో ఇంకో ప్రోగ్రాము పెట్టుకోవాల్సి వచ్చింది. ఎంటీపీకి విండోస్‌లో అదనంగా ఏదీ స్థాపించనక్కరలేదు.

నడిమిదారి:
ఒక సవరణ. విండోస్‌లోనూ ఎన్ ఎడిషన్లలో (మీడియా ప్రోగ్రాములు లేకుండా వచ్చేవి) మీడియా ఫీచర్ ప్యాక్ వేసుకుంటే తప్ప ఎంటీపీ పనిచేయదు. మాక్‌కు సొంతంగా ఎంటీపీ తెలియదు, వేరే ప్రోగ్రాము కావాలి. డిస్కు అయితే ఏ కంప్యూటర్‌కైనా అర్థమవుతుంది. ఇంకో మాట: ఏ పద్ధతిని తప్పుపట్టేముందైనా కేబుల్‌ను పరీక్షించండి. ఛార్జింగ్‌కు మాత్రమే తీగలున్న కేబుళ్లు చాలా ఉన్నాయి, చేతితో తడిమితే వాటికీ అసలువాటికీ తేడా తెలియదు.

రాతపలక:
ఆరుచుక్కలు గారు చూపిన ప్రమాదం ఒకప్పుడున్నంత పెద్దది కాదు. విండోస్ 10 లోని 1809 సంచిక నుంచి బయటి డిస్కులకు త్వరగా తొలగించే విధానమే (రాసినది ఆపి ఉంచకుండా వెంటనే డిస్కుకు చేర్చేది) సహజ అమరికగా ఉంది. కాపీ ముగిశాక కేబుల్ తీస్తే సాధారణంగా నష్టం ఉండదు. కాపీ జరుగుతుండగా తీస్తే ఏ పద్ధతీ కాపాడదు. ఇక ఎంటీపీలో కేబుల్ పెట్టగానే పని మొదలవుతుందా అంటే అదీ లేదు. ఆండ్రాయిడ్ ముందుగా ఛార్జింగ్‌లోనే ఉంటుంది. పరికరం తాళం తీసి, నోటిఫికేషన్లలోకి వెళ్లి, ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోవాలి. కేబుల్ తీసి మళ్లీ పెడితే మళ్లీ మొదటికే.

పాఠశాలబల్ల:
బ్రెయిలీ రాసే విద్యార్థులకు బోధిస్తున్నాను. దారి గురించి ఇంత వాదించుకుంటున్నాం, చేరిన ఫైల్‌ను అవతలివారు చదవగలరా అన్నది మరిచిపోతున్నాం. ఆర్బిట్ రీడర్ 20 వంటి పరికరాల్లో ఎస్‌డీ కార్డు తీసి కంప్యూటర్‌లో పెడితే చాలు, ఈ గొడవే ఉండదు. కానీ అందులోంచి వచ్చేది బీఆర్ఎఫ్ ఫైల్ అయితే, ఆరు చుక్కల 64 కలయికలకు ఒక్కొక్క ఆస్కీ అక్షరాన్ని కేటాయించిన రాత అది. సంక్షిప్త ఆంగ్ల బ్రెయిలీలో ‘ద చైల్డ్’ అని రాసినది, బ్రెయిలీ తెలియని ఉపాధ్యాయునికి తెరపై ,! * అని కనిపిస్తుంది. విద్యార్థి తప్పు రాశాడని ఆయన అనుకుంటే ఆయన్ని నిందించలేం.

తెలుగు విషయానికొస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. భారతీయ భాషలకు వాడే భారతీ బ్రెయిలీలో ‘అ’కు ఒకటో చుక్క; ఆంగ్లంలో మొదటి అక్షరానికీ అదే. ఫైల్ ఏ భాషలో ఉందో బీఆర్ఎఫ్ చెప్పదు. బ్రెయిలీని మామూలు రాతగా మార్చే లిబ్‌లూయీ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పట్టిక ఉంది, కానీ ఏ పట్టిక వాడాలో మనం చెప్పాలి. ఒకే పేజీలో రెండు భాషలుంటే ఒక పట్టికతో పని జరగదు. పైగా అచ్చు కోసం తయారైన బీఆర్ఎఫ్‌లో వరుసకు 40 గళ్లు, పేజీకి 25 వరుసలు ఉంటాయి. 18 లేదా 32 గళ్ల బ్రెయిలీ తెరపై ఆ వరుసలు అడ్డదిడ్డంగా విరుగుతాయి. అందుకే నా విద్యార్థులకు ఒకటే చెబుతాను: ఉపాధ్యాయునికి వెళ్లేది పరికరంలోనే డాక్స్ (వర్డ్ ఫైల్) లేదా మామూలు టెక్స్ట్‌గా మార్చి పంపండి, బ్రెయిలీ ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి. ఈ పని చేయని విద్యార్థికి కేబులైనా, కార్డైనా, క్లౌడైనా ఒకటే.

ఆరుచుక్కలు:
పాఠశాలబల్ల గారి మాటతో నాకు పేచీ లేదు. రాతపలక గారు కోరినట్టు లోపలి నిల్వను మళ్లీ డిస్కుగా చూపడం మాత్రం తయారీదారులకు సులభం కాదు. 2011లో ఆండ్రాయిడ్ 3.0 ఎంటీపీకి మారింది. దానివల్ల మన పత్రాలూ అప్లికేషన్ల సమాచారమూ ఒకే విభాగంలో ఉండగలిగాయి. అలాంటి విభాగాన్ని కంప్యూటర్‌కు అప్పగిస్తే అప్లికేషన్లే ఆగిపోతాయి. మనం అడగదగినవి రెండున్నాయి: ఫైల్ భద్రపరచగానే మీడియా జాబితాలో చేర్చడం, ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంపికను గుర్తుపెట్టుకోవడం. ఈలోగా పెన్‌డ్రైవ్‌ను నోట్‌టేకర్‌కే తగిలించి దానిలోకి కాపీ చేసుకోవచ్చు. అయితే దాన్ని ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉంచుకుంటే ఎక్కువ పరికరాలు గుర్తిస్తాయి. 4 జీబీకి మించిన ఒక్క ఫైల్ అందులో పట్టదు కానీ, బ్రెయిలీ పత్రాలకు ఆ హద్దు అడ్డు రాదు.

రాతపలక:
ఆ రెండు కోరికలకూ నా మద్దతు ఉంది. పెన్‌డ్రైవ్ దారి మాత్రం నా ప్రశ్నకు జవాబు కాదు. రోజూ చేతితో కాపీ చేస్తేనే బ్యాకప్ అనిపించుకునే పద్ధతిలో, పరికరం పాడయ్యే రోజుకు ముందటి వారం నోట్సు ఎక్కడా ఉండవు. లోపలి నిల్వను ముట్టుకోకుండా, అందులో పెట్టే ఎస్‌డీ కార్డునైనా డిస్కుగా చూపే అమరిక ఇవ్వమని అడుగుదాం. కార్డు మీద అప్లికేషన్లు లేకపోతే మీరు చెప్పిన అభ్యంతరం దానికి వర్తించదు కదా?