“నెత్తురు మీద నిలబడకు”: లేవీయకాండం 19:16కి తెలుగు మాట ఏది?

లేవీయకాండం బైబిల్లో మోషే ధర్మశాస్త్ర గ్రంథాల్లో ఒకటి. ఈ వాక్యం హీబ్రూలో అయిదే మాటలు: “లో తఅమోద్ అల్ దమ్ రేఎఖా.” లో అంటే వద్దు, తఅమోద్ నిలబడటం, అల్ మీద, దమ్ నెత్తురు, రేఎఖా నీ సాటివాడు. ఉన్నదున్నట్టు చెబితే “నీ సాటివాడి నెత్తురు మీద నిలబడకు”. మన పాత తెలుగు బైబిల్లో మాత్రం “నీ సహోదరునికి ప్రాణహాని చేయచూడకూడదు” అని ఉంది. ఇది చంపబోయేవాడికి చెప్పే మాట. హీబ్రూ మాట పక్కన నిలబడ్డవాడికి కూడా తగులుతుంది.

పాత అనువాదకుల్ని తప్పుపట్టను. 12వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత ఇబ్న్ ఎజ్రా కూడా హంతకులతో చేయి కలపవద్దనే అర్థం చెప్పాడు. కానీ యూదుల్లో గట్టిగా నిలిచింది వాళ్ల ప్రాచీన ధర్మచర్చల గ్రంథం తల్ముద్ చెప్పిన అర్థం. ఏట్లో మునిగిపోతున్నవాణ్ని, మృగం ఈడ్చుకుపోతున్నవాణ్ని, దొంగలు మీదపడ్డవాణ్ని చూస్తే కాపాడి తీరాలనడానికి ఆధారం ఏమిటని అందులోని సన్‌హెడ్రిన్ భాగంలో అడిగి, ఈ వాక్యాన్నే చూపిస్తారు. ఒక్కడి వల్ల కాకపోతే కూలిచ్చి మనుషుల్ని పిలిపించైనా సరే. సిఫ్రా అనే ప్రాచీన వ్యాఖ్య ఇంకో అడుగు వేస్తుంది: ఒకరికి పనికొచ్చే సాక్ష్యం నీకు తెలిసి ఉంటే నోరు మూసుకునే హక్కు నీకు లేదు.

ఇదే వాక్యం మొదటి సగం ఏమిటో గుర్తుందా? కొండేలు చెబుతూ తిరగొద్దని! ముందు నాలుకను అదుపు చేసి, ఆ వెంటనే మౌనాన్ని నిషేధించింది. ఎప్పుడు చదివినా ఇక్కడ ఆగిపోతాను.

దూరదేశంలో ఊళ్లు తగలబడుతుంటే ఆ ఏట్లోకి మనం దూకలేం. మిగిలేది సాక్ష్యం, నలుగురినీ పిలవడం. 2004లో సూడాన్‌లో ఊచకోతకు గురవుతున్న డార్ఫుర్ ప్రాంతం కోసం అమెరికాలో సంస్థలన్నిటినీ ఒకచోట చేర్చే కూటమికి నాంది పలికినవి అమెరికన్ జ్యూయిష్ వరల్డ్ సర్వీస్, వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియం. 2020 డిసెంబరులో చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతంలో అణచివేతకు గురవుతున్న వీగర్ ముస్లింల గురించి బ్రిటన్ ప్రధాన రబ్బీ (యూదు మతగురువు) ఎఫ్రాయిమ్ మిర్విస్ పత్రికకెక్కి, ఇక మౌనంగా ఉండలేనన్నాడు. డార్ఫుర్‌లోనూ షిన్‌జియాంగ్‌లోనూ బాధితులు ముస్లింలే. ఇది పట్టించుకోవాల్సిన సంగతి.

నా ఇబ్బంది తెలుగుతో. “నెత్తురు మీద నిలబడటం” అంటే మనకు “ఆ కోట జనం నెత్తురు మీద నిలబడింది” అన్న భావం వస్తుంది. ఏం చేద్దాం?

వ్యాఖ్య: సార్, “రేఎఖా”లోని “రేఅ” అంటే తమవాడే కదా? ముందు సగంలో “నీ ప్రజలలో” అని స్పష్టంగా ఉంది. డార్ఫుర్ దాకా సాగదీయడం న్యాయమా?

జవాబు: మంచి ప్రశ్నండీ. యూదుల ధర్మశాస్త్ర చర్చల్లో ఈ మాటను ఇరుకుగా చదివిన సందర్భాలు చాలానే ఉన్నాయి, దాచను. కానీ నిర్గమకాండం 11:2లో ఇశ్రాయేలీయులు వెండి బంగారాలు అడిగిన ఐగుప్తు (ఈజిప్టు) పొరుగువాళ్లకూ ఇదే మాట. ఈ అధ్యాయంలోనే 34వ వచనం పరదేశిని నీలాగే ప్రేమించమంటుంది, మీరూ ఐగుప్తులో పరదేశులే కదా అంటుంది. పైగా మన తెలుగులో ఒకే “రేఅ” 16లో సహోదరుడు, 18లో పొరుగువాడు అయ్యాడు. అందుకే నేను “సాటివాడు” అన్నాను.

వ్యాఖ్య: మాస్టారూ, వెతకడం ఎందుకు, తిక్కనగారు ఉద్యోగపర్వంలో ఇచ్చేశారుగా. “దక్షులెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు.” ఉపేక్షించకు అంటే చాలదా?

జవాబు: అమ్మా, ఈ మాట నాకు తట్టనే లేదు! ఆపగల సమర్థులు చూస్తూ ఊరుకుంటే అది వాళ్లకే చేటని, రాయబారానికి వచ్చిన కృష్ణుడు నిండు సభలో అన్న మాట కదా. ఉప అంటే దగ్గర, ఈక్షణం అంటే చూపు. దగ్గరుండి చూస్తూ ఊరుకోవడం ఆ మాట కడుపులోనే ఉంది. “దక్షులు” ఇంకా గొప్ప మాట. 12వ శతాబ్దపు యూదు ధర్మశాస్త్రవేత్త మైమోనిడీస్ కూడా కాపాడగలిగి కాపాడనివాడే ఈ ఆజ్ఞ మీరినవాడన్నాడు. చేతగానివాడి మీద నేరం మోపలేదు. తోటివాడి మీద పన్నాగం జరుగుతోందని విని అతని చెవిన వేయనివాణ్ని కూడా అందులోనే చేర్చాడు.

అయినా “ఉపేక్షించకు” దగ్గర నాకు ఒకటి అడ్డుపడుతోంది. ఆఫీసు కాగితాల్లో “ఉపేక్షించేది లేదు” అని వాడి వాడి దాని పదును పోగొట్టాం. నెత్తురు, కాళ్లు కనబడాలి. “సాటివాడి నెత్తురు పారుతుంటే చూస్తూ నిలబడకు” అంటే?

వ్యాఖ్య: బాగుందండీ. కానీ “పారుతుంటే” మూలంలో లేదు. పారాక చెప్పే సాక్ష్యం మాటేమిటి? సిఫ్రా అన్నది అది కూడా కదా.

జవాబు: నిజమే. “పారుతుంటే” తీసేస్తున్నాను. “సాటివాడి నెత్తురు చూస్తూ నిలబడకు.” ప్రస్తుతానికి ఇలా రాసుకుంటాను. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ యూదులున్నారు. ప్రార్థనలో వాళ్లు ఈ వాక్యాన్ని తెలుగులో ఎలా చెప్పుకుంటారో ఎవరైనా విని ఉంటే ఇక్కడ రాయండి.