నాటు రేగిచెట్టు మీద తియ్య రేగు కన్ను కట్టుకోవచ్చా?

ప్రశ్న (ఉరవకొండ దగ్గరి పల్లె నుంచి, మార్చి)

అన్నలకు, అక్కలకు నమస్కారం. మా ఇంటి వెనక గోడ వారన తనంతట తానే మొలిచిన నాటు రేగిచెట్టు ఒకటుంది. మొదలు నా ముంజేతి లావుంటుంది. ఎవరూ చెంబెడు నీళ్ళు పోసింది లేదు, ఏ కరువుకూ చావలేదు. కాయలే చిన్నవి, అంతా గింజే, పైగా పులుపు. మా నాయన దాన్ని కొట్టేసి నర్సరీ నుంచి ఆపిల్ రేగు మొక్క తెచ్చి పెడదామంటున్నాడు. మా జేజి కొట్టనీయదు, వడియాలకు ఈ పులుపే కావాలంటుంది. ఈ చెట్టు మీదనే మంచి రేగు అంటు కట్టే దారి ఉందా? ఇంట్లో నేనే కట్టుకోగలనా? ఇంతవరకూ ఏ చెట్టుకూ అంటు కట్టి ఎరగను.

జవాబు (అనంతపురం నుంచి)

తమ్ముడూ, ఆ చెట్టును కొట్టనీయొద్దు. నీ చెట్టులో విలువైనదంతా నేల కింద ఉంది. రేగు తల్లివేరు నిట్టనిలువుగా లోపలికి దిగిపోతుంది. నర్సరీ సంచిలో పెరిగిన మొక్కకు ఆ వేరు సంచి అడుగున చుట్ట చుట్టుకుని ఉంటుంది, భూమిలో పెట్టాక కూడా చాలాసార్లు సరిగ్గా దిగదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మనది, ఆ పడేది కూడా అదను చూసి పడదు. ఇలాంటి చోట పాతుకుపోయిన వేరు డబ్బుతో కొనగలిగింది కాదు. పైన కాయ మార్చుకుంటే చాలు.

ఇప్పుడు కాయ అయిపోయింది. రేగు ఎండాకాలం ఆకు రాల్చి ఊరుకుంటుంది, కోతకు అదే అదను. ఏప్రిల్ లోపల నేల నుంచి మూడడుగుల ఎత్తున రంపంతో కోసెయ్. గొడ్డలి వద్దు, మొద్దు చీలిపోతుంది. కోత కాస్త ఏటవాలుగా ఉంటే వాన నీళ్ళు నిలవవు. కోసిన చోట బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయి, మీ చుట్టుపక్కల చీనీ (బత్తాయి) తోటలున్న వాళ్ళను అడిగితే దొరుకుతుంది.

ఒక పక్క కొమ్మను మాత్రం కోయకుండా అలాగే వదిలెయ్. మీ జేజి వడియాలకు కాయలుంటాయి. రెండో లాభం ఇంకా పెద్దది: రేగులో చాలా రకాలు సొంత పుప్పొడితో సరిగా కాయ కట్టవు. పక్కన వేరే రకం పూస్తుంటే ఈగలు, తేనెటీగలు పుప్పొడి మోసుకొస్తాయి, కాయ నిలుస్తుంది. ఒంటి చెట్టుగా ఆపిల్ రేగు పెట్టి 'పూత బాగుంది, కాయ లేదు' అని బాధపడేవాళ్ళు ఈ సంగతి చూసుకోవాలి.

కోసిన మొద్దు నుంచి చిగుర్లు గుత్తులుగా వస్తాయి. చుట్టూ సమానంగా ఉండేట్టు నాలుగైదు బలమైనవి ఉంచి మిగతావి చిన్నగా ఉండగానే గిల్లెయ్. జూన్ చివరికి, జూలైకి అవి పెన్సిల్ లావవుతాయి. కన్ను, అంటే ఆకు తొడిమ మొదట్లో ఉండే మొగ్గ, కట్టేది వాటి మీదనే. ముదురు మొద్దు మీద బెరడు మందంగా ఉంటుంది, కొత్తవాళ్ళకు కుదరదు.

ప్రశ్న (పత్తికొండ నుంచి)

అన్నా, మాకు గుట్ట మీద పరికి, నేలరేగు బోలెడు. వాటి మీద కూడా కట్టొచ్చా?

జవాబు (అనంతపురం నుంచి)

పరికి పక్కనున్న చెట్ల మీదికి పాకే ముళ్ళపొద, దాని మీద నేనైతే కట్టను. నేలరేగు మీద కన్ను పడుతుంది, కానీ చెట్టు పొట్టిగా ఉండిపోతుంది. కుండీలోనో ఇరుకు పెరట్లోనో పెంచేవాళ్ళకు అది మంచిదే. పొలం గట్టుకైతే మామూలు నాటు రేగే సరైన మొదలు. చెట్టు లేనివాళ్ళు గింజను నేరుగా గుంతలోనే వెయ్యండి, సంచిలో వేసి తర్వాత మార్చొద్దు. పెంకు గట్టిది, సుత్తితో మెల్లగా పగలగొట్టి లోపలి పప్పు వేస్తే తొందరగా మొలుస్తుంది.

ప్రశ్న (ఉరవకొండ నుంచి, జూన్ చివర)

అన్నా, మీరు చెప్పినట్టే కోసినాను. చిగుర్లు బాగా వచ్చినాయి. ఇప్పుడు కన్ను ఎక్కడ తేవాలి, ఎట్ల కట్టాలి? కాస్త వివరంగా చెప్పండి.

జవాబు (అనంతపురం నుంచి)

కన్ను తెచ్చే చెట్టును నువ్వు కళ్ళారా చూసి, వీలైతే దాని పండు తిని ఉండాలి. దగ్గర్లో ఎవరి తోటలోనైనా గోలా, ఉమ్రాన్, ఆపిల్ రేగు ఉంటే అడుగు. గోలా ముందు వస్తుంది, ఉమ్రాన్ ఆలస్యంగా వస్తుంది. ఒక్కో కొమ్మకు ఒక్కో రకం కడితే ఇంట్లో తినే కాలం పెరుగుతుంది. తెగులు లేని కొమ్మ నుంచి ఈ ఏడాది పుల్లనే కోయి. ఆకులు కత్తిరించి తొడిమ మాత్రం గోరంత ఉంచు, ముళ్ళు తీసెయ్. తడి గోనెపట్టలో చుట్టి తెచ్చి ఆ రోజే వాడెయ్.

ముందు బెరడు పరీక్ష. చిగురు కొమ్మ మీద బ్లేడుతో చిన్న గీటు పెట్టి గోటితో ఎత్తు. లోపల తడిగా, నున్నగా ఉండి బెరడు సులువుగా లేస్తే కట్టొచ్చు. చెక్కకు అతుక్కుని చిరిగితే పాదిలో బాగా నీళ్ళు పెట్టి రెండు మూడు రోజులు ఆగు. మంచి పదును వాన పడ్డాక కడితే ఇంకా మేలు.

చిగురు మొదలు దగ్గర, నున్నని చోట టి ఆకారంలో కోత పెట్టు. అడ్డ కోత అర అంగుళం, నిలువు కోత అంగుళం. బెరడు తెగాలి, లోపలి చెక్క తెగకూడదు. పుల్ల మీద కన్నుకు అర అంగుళం కింద బ్లేడు ఆనించి పైకి ఒకే ఊపులో లాగితే బాదం గింజ ఆకారంలో కన్ను వస్తుంది. వెనక చెక్క అతుక్కుంటే మెల్లగా ఊడదియ్యి, కానీ కన్ను వెనకాల గుంట పడకూడదు. గుంట పడిందంటే కన్ను గుండె పోయినట్టే, అది పారేసి ఇంకోటి తియ్యి. లోపలి వైపు వేలు తగలనీయకు, తొడిమ పట్టుకుని కోత లోపలికి జార్చు. కన్ను పైకి చూడాలి, తలకిందులు కాకూడదు. పైన మిగిలిన బెరడు ముక్కను అడ్డ కోతకు సరిగ్గా కోసెయ్. ఆ తర్వాత వేలెడు వెడల్పు పలుచని ప్లాస్టిక్ రిబ్బన్‌తో కింది నుంచి పైకి బిగుతుగా చుట్టు, కన్ను, తొడిమ మాత్రం బయట ఉండాలి. కోత పెట్టడం నుంచి కట్టు వరకు రెండు నిమిషాల్లో అయిపోవాలి. కన్ను ఆరిందంటే పట్టదు. అందుకే ముందుగా పనికిరాని కొమ్మల మీద చెయ్యి తిరిగేదాకా సాధన చెయ్యి.

మన దగ్గర ఇంకో గండం ఆషాఢం గాలి. కన్నును గాలి వచ్చే పడమటి వైపు పెట్టు. చిగురు వచ్చాక గాలి దాన్ని కాండానికే అదుముతుంది, చీల్చుకుని పోదు. పడమటెండ తగలకుండా పైన కాగితం గొడుగులా కట్టు.

జవాబు (తాడిపత్రి నుంచి)

తమ్ముడూ, అన్న చెప్పినదానికి ఒక్క మాట కలుపుతా. సాయంకాలం కట్టు, మిట్టమధ్యాహ్నం వద్దు. ఇంకోటి, కట్టు మీద పసుపు, పేడ పూయమని ఎవరైనా అంటారు. పూయొద్దమ్మా, కుళ్ళు పట్టే అవకాశం ఎక్కువ.

ప్రశ్న (ఉరవకొండ నుంచి, జూలై)

మూడు వారాలు కావస్తోంది. కొన్నిటికి తొడిమ వేలు తగలగానే రాలిపోయింది, కన్ను పచ్చగా ఉంది. కొన్నిటికి తొడిమ నల్లగా ఎండి ఊడి రావడం లేదు. ఏది మంచిది?

జవాబు (అనంతపురం నుంచి)

రాలిపోయినవే పట్టినవి. ఎండి పట్టుకుని ఉన్నవి పోయాయి, ఆ చిగుర్ల మీద ఇంకొంచెం పైన మళ్ళీ కట్టు. ఆగస్టు దాకా వేళ ఉంది. పట్టిన చిగురును కన్నుకు జానెడు పైన కత్తిరించు. మిగిలిన ఆ మొద్దుకే కొత్త చిగురును మెత్తని గుడ్డపీలికతో కడితే గాలికి ఊగదు. చిగురు గట్టిపడ్డాక ఆ మొద్దును కన్ను దగ్గరికి కోసెయ్. ప్లాస్టిక్ కట్టు కూడా అప్పుడే విప్పు, మరిచిపోతే కాండాన్ని కోసుకుంటుంది.

కింద నుంచి నాటు చిగుర్లు వస్తూనే ఉంటాయి. నువ్వు ఉంచిన కొమ్మ తప్ప అన్నీ కనబడగానే గిల్లెయ్. ఒక వానాకాలం వదిలేస్తే నాటు చిగురు పైచేయి అవుతుంది, కట్టిన కన్ను బలం తగ్గి పోతుంది. అంటు రేగు 'మళ్ళీ నాటుదయింది' అని జనం అనేది ఇలాగే.

ప్రశ్న (పులివెందుల నుంచి)

అన్నా, పక్క ప్రశ్నకు మన్నించండి. చీనీకి ఇంట్లో కట్టుకుంటే జంబీరి నిమ్మ మీద మంచిదా, రంగపూర్ నిమ్మ మీదనా?

జవాబు (అనంతపురం నుంచి)

రంగపూర్ నిమ్మ మీద కట్టు. తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధన స్థానం సాత్గుడి రకం చీనీకి దాన్నే చెబుతోంది, బెట్టకు నిలుస్తుంది. కన్ను నేలకు జానెడు పైనే కట్టు, నాటేటప్పుడు అతుకు మట్టిలో పూడకూడదు. పూడితే బంక కారే తెగులుకు దారి తెరిచినట్టే.

ప్రశ్న (ఉరవకొండ నుంచి, ఆగస్టు)

కొత్త చిగుర్లు మోచేతి పొడుగు వచ్చినాయన్నా. ఈ సంక్రాంతికే కాయ ఆశించొచ్చా? జేజి భోగిపండ్లు ఇంటి చెట్టువే కావాలంటోంది.

జవాబు (అనంతపురం నుంచి)

వేరు పాతది కాబట్టి ఈ ఏడే అక్కడక్కడ పూత కనబడొచ్చు, కానీ ఈసారి గిల్లెయ్, కొమ్మ బలపడనీ. ఈ భోగికి నువ్వు వదిలిన నాటు కొమ్మ కాయలు సరిపోతాయి. వచ్చే ఏప్రిల్‌లో కొమ్మల్ని సగానికి కత్తిరించు. రేగు ఆ ఏడు వచ్చిన కొత్త రెమ్మ మీదే కాస్తుంది, కత్తిరించని చెట్టు ఏటేటా చిన్న కాయలే ఇస్తుంది. ఎండాకాలం చెట్టు కింద మట్టి తిరగేసి రాలిన కాయలు ఏరి పూడ్చెయ్, కాయకు పురుగు పట్టించే ఈగ కోశాలు (ప్యూపాలు) అక్కడే దాగుంటాయి. పూత వేళ ఆకుల మీద తెల్లటి బూడిద కనబడితే ఫోటో తీసి ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను.