పాత పీవీసీ పైపులు పీకేయాలా, ముందు నీళ్లు పరీక్ష చేయించాలా?

మేడమీదట్యాంకు:
పీవీసీ పైపుల్లో స్టెబిలైజరుగా (ప్లాస్టిక్ వేడికి చెడకుండా కలిపేది) వాడే సీసాన్ని, అంటే లెడ్‌ను, మాన్పించడానికి కేంద్ర పర్యావరణ శాఖ 2021లో రూల్స్ తెచ్చింది. మరి అంతకుముందు వేసిన ఇళ్ల మాటేమిటి? నన్నడిగితే మొత్తం లైను మార్చడమే. "ఆర్వో ఉందిగా" అంటారు. ఆర్వో తాగే నీళ్లకే. అన్నం, పప్పు ఉడికేది కుళాయి నీళ్లతోనే. కాచినా సీసం పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

కొలతబద్ద:
గోడలకు సుత్తి పెట్టే ముందు ఒక్క మాట, అన్నా. సీసం పైపు మందం మొత్తంలోంచి ఊరదు, నీళ్లు తగిలే లోపలి పొరలోంచే వస్తుంది. కొత్తలో ఎక్కువ, పోనుపోను తగ్గుతుంది. పదిహేనేళ్లు నీళ్లు పారిన పైపు కన్నా, నిన్న బిగించిన నాసిరకం పైపుకే భయపడాలి.

పరీక్ష ఇలా. రాత్రంతా, కనీసం 6 గంటలు, ఇంట్లో ఏ కుళాయీ తిప్పొద్దు. పొద్దున వంటింటి కుళాయి నుంచి మొదటి 250 మి.లీ. ఒక సీసాలో పట్టాలి. ఆపకుండా తర్వాతి లీటరు రెండో సీసాలో. 5 నిమిషాలు వదిలేశాక మూడోది. (సీసంకోసం సీసాలు, ఏం చేస్తాం!) సీసాలు ల్యాబు వాళ్లిచ్చినవే వాడండి. మొదటిదాంట్లోనే ఎక్కువుంటే దోషం ఇత్తడి కుళాయిది, ఫిట్టింగులది. రెండోదాంట్లో ఉంటే పైపుది.

తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం సీసానికి హద్దు లీటరుకు 0.01 మి.గ్రా. రిపోర్టులో "బీడీఎల్" (ల్యాబు కొలవగల కనీసం కన్నా తక్కువ) అని ఉంటే సంబరపడకండి, ఎంతవరకు కొలవగలరో అడగండి. ల్యాబు కొలిచే కనీసమే 0.01 కన్నా ఎక్కువైతే ఆ కాగితం దేనికీ పనికిరాదు. టీడీఎస్ మీటరు సంగతి ఎత్తొద్దు, అది 1 పీపీఎం (లీటరుకు 1 మి.గ్రా.) మెట్లలో చూపిస్తుంది. మనకు కావాల్సింది అందులో నూరో వంతు.

జాయింటుబంకం:
పీవీసీ అంటూ అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. పైపు మీది ప్రింటు లైను చదవండి. ఐఎస్ 4985 తాగునీటిది. ఐఎస్ 13592 మురుగుకూ వాననీటికీ. ట్యాంకు దగ్గర రెండడుగులు తక్కువైతే, పక్కన పడున్న డ్రైనేజీ ముక్క అతికించి పోయే మేస్త్రీలున్నారు. ముందు ఆ ముక్క వెతకండి.

కొత్త లైనులో వచ్చే ఘాటు వాసన సీసం కాదు, సాల్వెంట్ సిమెంటుది. అతుకు లోపలికి కారేంత మందంగా పూసి, ఆరకముందే నీళ్లు వదిలితే రోజుల తరబడి వస్తుంది. డబ్బా మీద రాసిన టైము ఆగి, లైను రెండు మూడుసార్లు నింపి పారబోయండి.

మేడమీదట్యాంకు:
సరే, రెండో సీసాలో తేలిందనుకోండి. అప్పుడైనా మార్చాల్సిందేగా?

కొలతబద్ద:
వంటింటి లైను మార్చండి, బాత్రూములది ఎందుకు? అప్పటిదాకా నిలవ నీళ్లు వదిలేయండి. లోపలి వ్యాసం 20 మి.మీ. ఉంటే మీటరుకు 314 మి.లీ. పడతాయి. ట్యాంకు నుంచి 10 మీటర్లయితే 3 లీటర్ల పైచిలుకు. 5 లీటర్లు బకెట్లోకి పట్టి అంట్లకు వాడుకోవచ్చు.

పాలడబ్బా:
రోజూ గుర్తుపెట్టుకుని ఎవరు వదులుతారండీ? రాత్రి 2 గంటలకు పసిపిల్లకు డబ్బాపాలు కలిపేవాళ్లు బకెట్టు నింపుకుంటూ కూర్చుంటారా? పిల్లలకు ఇంత సీసమైతే ఫర్వాలేదనే లెక్కే లేదు. ఆ ఇళ్లలో రిపోర్టు వచ్చేదాకా పాలకూ వంటకూ ఆర్వో నీళ్లే వాడాలి. ఉత్త యూవీ మిషను క్రిములను చంపుతుంది తప్ప సీసాన్ని ఆపలేదు.

మేడమీదట్యాంకు:
ఇది ఒప్పుకుంటా. మూడో సీసాలోనూ ఉంటే?

జాయింటుబంకం:
అప్పుడు వంటింటి పైపు మార్చి లాభం లేదు, అది ట్యాంకులోకే వస్తోంది. సంపులో పడే కుళాయి దగ్గర ఒక సీసా, మోటారు పైపు ట్యాంకులో పడేచోట ఇంకో సీసా పట్టండి. మొదటిది బాగుండి రెండోది చెడితే, దోషం సంపుకూ ట్యాంకుకూ మధ్యే. ఆ లైను ఎక్కువగా గోడ బయటే ఉంటుంది కాబట్టి పగలగొట్టే పని కూడా ఉండదు.