ఆటిజం ఉంటే నేను మగవాణ్ణని నాకు తెలియదా?

ప్రశ్న (మద్దిలపాలెం నుంచి):
నాకు 23 ఏళ్లు, ట్రాన్స్ మేన్‌ని, అంటే పుట్టినప్పుడు అమ్మాయన్నారు గానీ నేను మగవాణ్ణి. ఆటిజం ఉందని రెండేళ్ల కిందట తెలిసింది. ఆ రోజు హమ్మయ్య అనుకున్నా, ఇప్పుడు అదే మెడకు చుట్టుకుంది. పోయిన నెల ఒక డాక్టరు దగ్గర మగ హార్మోన్లు తీసుకోవడం గురించి అడిగితే "నీకు ఆటిజం కదా, ఒకటి పట్టుకుంటే వదలవు, ఇదీ అలాంటిదే" అన్నారు. చిన్నప్పుడు విశాఖ స్టేషన్లో ఆగే రైళ్ల టైములన్నీ బట్టీపట్టేవాణ్ణని అమ్మ చెప్పేసరికి ఇంకా గట్టిగా అన్నారు. టెన్షన్లో నాకు మాట రాదు, టేబుల్ మీద పేపర్‌వెయిట్ వైపే చూస్తూ కూర్చున్నా. దానికి తోడు ఈ ఉక్కపోతలో బైండర్ (ఛాతీ చదునుగా కనిపించడానికి లోపల వేసుకునే బిగుతు బనీను) తడిసి ఒంటికి అంటుకుంటే బస్సులో పది నిమిషాలు కూడా ఉండలేను, తీసేస్తే ఛాతీ చూసుకుని ఏడుపొస్తుంది. ఎవరైనా ఇది దాటారా?

జవాబు (గాజువాక నుంచి):
తమ్ముడూ, నేను ట్రాన్స్ మహిళని, ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవకపోవడం) ఉంది. రైళ్లంటే ఇష్టం వేరు, "అమ్మాయ్" అని పిలిస్తే ఒళ్లు ముడుచుకుపోవడం వేరు. 2020లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్లు ఆరు లక్షల మందికి పైగా వివరాలు చూస్తే, ట్రాన్స్‌జెండర్ వాళ్లలో ఆటిజం మిగతావాళ్ల కన్నా మూడు నుంచి ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఒకదాని వల్ల ఇంకొకటి వచ్చిందని కాదు, నీలాంటివాళ్లు చాలామంది ఉన్నారని. మన జెండర్ చెప్పాల్సింది మనమేనని 2014లో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసు తీర్పులో సుప్రీంకోర్టు అంది, ఆటిజం ఉన్నవాళ్లు తప్ప అని అనలేదు. మాట రాకపోతే కాగితం మీద రాసుకెళ్లు. నేను అరపేజీ రాసి మా డాక్టరుకి ఇచ్చా, చదివాక ఆవిడ అడిగిన ప్రశ్నలే మారిపోయాయి. అయినా వినకపోతే ఇంకో డాక్టర్ని చూడు.

జవాబు (భీమిలి నుంచి):
నేనూ నీలాంటివాణ్ణే తమ్ముడూ, 34 ఏళ్లు. బైండర్ మరీ బిగుతు సైజు కొనకు, ఎనిమిది గంటలు దాటనివ్వకు, దాంతో నిద్రపోకు, ఊపిరి ఆడకపోతే వెంటనే తీసెయ్. నేను ఇంట్లో వదులు ముదురు రంగు కాటన్ చొక్కా ఒకటే, అదీ మెడ దగ్గర లేబుల్ కత్తిరించి. ఆర్కే బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున బండ్లు ఆపేస్తారు, హారన్లుండవు. ఆ చొక్కాతోనే నడుస్తా, నన్నెవరూ పట్టించుకోరు.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
అక్కా, అన్నా, రెండుసార్లు చదివా. కాగితం మొదలుపెట్టా, మొదటి లైన్లో ఏడేళ్లప్పుడు గౌను వేస్తే మంచం కింద దూరిన సంగతి రాశా. అమ్మ చూసి, "ఆ రోజు సాయంత్రం దాకా బయటికి రాలేదు" అని తనే చెప్పింది. అదీ రాసుకున్నా.